కట్టులో కిటికీ

దుప్పటి సర్దుదామని వంగినప్పుడు చూశాను.

మా ఆయన కుడి తుంటి మీద వేసిన కట్టులో డాక్టర్లు అరచేయంత చోటు ఖాళీగా వదిలారు, లోపలి చర్మం కనపడేలా. ఆ చోటును నేను మనసులో కిటికీ అనుకునేదాన్ని. పొద్దున ఇంటికి బయలుదేరేముందు ఆ కిటికీలో చూసినప్పుడు చర్మం మామూలుగా ఉంది. కాస్త పాలిపోయినట్టు, అంతే. సాయంత్రం తిరిగి వచ్చేసరికి అది మెరుస్తోంది. నాకు ముందు కనిపించింది రంగు కాదు, ఆ మెరుపు. కందిరీగ కుట్టి ఉబ్బిన పెదవి మెరిసినట్టు. ఆ తర్వాతే రంగు తెలిసింది. నేరేడు పండ్లు తిన్నాక పిల్లల నాలుకలు ఉండే రంగు.

టిఫిన్ డబ్బా నా చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. నర్సు నేర్పినట్టు చూపుడువేలితో మెల్లగా నొక్కి తీశాను. వేలు తీసిన చోట తెల్లటి మచ్చ పడి, తీరిగ్గా మళ్ళీ రంగు రావాలి. తెల్లగా ఉండిపోతే రక్తం అందడం లేదని అర్థం అని చెప్పారు కాబట్టి ఇన్ని రోజులూ నేను తెలుపుకే భయపడుతూ వచ్చాను. ఇప్పుడు మచ్చ పడీ పడకముందే మాయమైంది. వేలికి వెచ్చగానే తగిలింది. వెచ్చగా ఉంది, రంగు వెంటనే వచ్చింది, మరి బాగున్నట్టే కదా అని ఒక్క క్షణం నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయన నొప్పి మందుల మత్తులో ఉన్నాడు. లేపలేదు. డబ్బా పట్టుకునే వరండాలోకి వెళ్ళి నర్సును పిలిచాను. పరుగెత్తలేదు. నేను పరుగెత్తడం చూస్తే పక్క మంచాల వాళ్ళు లేచి వస్తారని, వాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదని, మామూలుగా నడిచాను.

ఆ కిటికీ ఎందుకు వచ్చిందో చెప్పాలి.

మా ఆయన సూరత్‌లో, లింబాయత్ అనే పేటలో, ఒక కార్ఖానాలో సాంచాల మాస్టరు. కరెంటు మగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. మా మామ కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి, సాంచాల మీదే బతికి, ఇక్కడే పోయాడు. కొడుకు ఇక్కడే పుట్టి ఆ చప్పుడులోనే పెరిగాడు. రోజంతా నిలబడి చేసే పని కాబట్టి తుంటిలో నొప్పి అంటే ఎవరూ పట్టించుకోలేదు. కార్ఖానాలో ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట నొప్పే. నూనె మర్దన చేయించుకున్నాడు, నడుముకు బెల్టు పెట్టుకున్నాడు, నరం పట్టేసిందని ఎవరో అంటే సూదులు వేయించుకున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టాక ఎక్స్‌రే తీయించాం. ఆ తర్వాత పెద్ద స్కాన్. ఆ తర్వాత సూదితో ముక్క తీసి పరీక్ష. తుంటి ఎముకలో క్యాన్సర్. మందులకూ రేడియేషన్‌కూ లొంగే రకం కాదు, కోసి తీయడమే దారి అన్నారు.

తీసే డాక్టరు ఒకరు, తీసిన చోటును కప్పే డాక్టరు ఇంకొకరు. తీసే డాక్టరు చెప్పినవి ఇప్పుడు నాకు సరిగా గుర్తు కూడా లేవు. కప్పే డాక్టరు గుర్తుంది. నాకంటే కొంచెమే పెద్ద, గుజరాతీ ఆవిడ. నాతో హిందీలో మాట్లాడేది. ఎముకతో పాటు దాన్ని ఆనుకున్న కండ, పైనున్న చర్మం కూడా పోతాయని, రెండు పిడికిళ్ళు పట్టేంత గుంత మిగులుతుందని చెప్పింది. దాన్ని కప్పకుండా వదిలేస్తే, లేదా కప్పింది బతక్కపోతే, చీము పట్టి చివరికి కాలే తీసేయాల్సి రావచ్చని కూడా దాచకుండా చెప్పింది. అందుకని కడుపు మీద నిలువుగా ఉండే కండను, దాని మీది చర్మంతో సహా విడదీసి, లోపల్నుంచి తుంటి మీదికి తిప్పి కుడతారట. పూర్తిగా కోసి వేరు చేయరు. దానికి రక్తం తెచ్చే నాళాన్నీ, తీసుకుపోయే నాళాన్నీ గజ్జ దగ్గర అలాగే ఉంచుతారు. ఆ రెండూ ఆడుతున్నంత కాలం కండ బతుకుతుంది.

అర్థమైందా అని అడిగింది. అయిందన్నాను. ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పబోతే మాటలు దొరకలేదు. సొరకాయను తెంపకుండా, తీగతో పాటే పక్క పందిరి మీదికి మళ్ళించినట్టు అన్నాను.

"తీగ నలగకుంటె సాలు బిడ్డా" అంది అత్తమ్మ.

ఆ మళ్ళించిన కండను ఆస్పత్రిలో అందరూ ఫ్లాప్ అనేవారు. మా ఆయనకు సినిమాల పిచ్చి. థియేటర్‌లోకి తీసుకెళ్ళే స్ట్రెచర్ మీద పడుకుని, "ఏందే ఇది, రిలీజ్ కాకముందే ఫ్లాప్ అంటున్నరు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. స్ట్రెచర్ తోసే అతను మా భాష తెలియకపోయినా ఆయన మొహం చూసి నవ్వాడు.

అంతకు కొంచెం ముందే నర్సు ఆయన ఉంగరం తీయించి నా చేతిలో పెట్టింది. నడుముకున్న మొలతాడు కత్తెరతో కోసి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చింది. అత్తమ్మ అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. కొడుకు లోపలికి పోతున్నాడని ఏడుస్తోంది అనుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక, చూసుకోవలసింది ఒక్కటే: ఆ కండ రంగు. నర్సులు వేళకు వచ్చి వేలితో నొక్కేవారు, చిన్న యంత్రం ఆనించి రక్తం పారే చప్పుడు వినేవారు. హుష్, హుష్, హుష్ అని వచ్చేది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ మా ఆయన కళ్ళు మూసుకుని, "నూనె పోసిన సాంచా లెక్క నడుస్తున్నది" అనేవాడు. వార్డులో చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని ఆయన బాధ.

నర్సు నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. కుడివైపు ఒరగకూడదు. కాలు మడిచి పైకి లాగకూడదు. నడుము దగ్గర ఏదీ బిగుతుగా ఉండకూడదు. ఆ మాటలు అత్తమ్మకు నేను తెలుగులో చెప్పాను. పైజామా నాడా కూడా కట్టొద్దని చెప్పడం నాకు బాగా గుర్తుంది. అత్తమ్మ విని ఊరుకోలేదు. పైజామాలోంచి నాడా పూర్తిగా లాగేసి, చుట్టచుట్టి సంచిలో వేసుకుంది, ఎవరైనా పొరపాటున కడతారేమోనని.

మేమిద్దరం వంతులు వేసుకున్నాం. పొద్దున ఆమె వస్తే నేను ఇంటికి వెళ్ళి, వంట చేసి, పిల్లలు బడి నుంచి వచ్చాక అన్నం పెట్టి, పక్కింటావిడకు అప్పజెప్పి సాయంత్రం వచ్చేదాన్ని. నేను రాగానే ఆమె వెళ్ళేది. కట్టుకున్నవాడికి నేను, కన్నకొడుక్కి ఆమె, ఇద్దరం అదే మనిషి కోసం తిరుగుతున్నాం కానీ మేమిద్దరం మాట్లాడుకునేది వార్డు గుమ్మంలోనే. డబ్బా నా చేతి నుంచి ఆమె చేతికి, ఆమె చేతి నుంచి నా చేతికి. తిన్నడా, మూత్రం సంచి మార్చిండ్రా, పిల్లలు ఏడ్చిండ్రా. అంతే. ఒక్కోసారి బస్సులో తాపీ వంతెన దాటుతున్నప్పుడు, పొద్దున ఇదే వంతెన మీద ఆమె ఏం ఆలోచిస్తూ వచ్చిందో అనుకునేదాన్ని. హజీరా వైపు ఫ్యాక్టరీల బస్సులు దిగి బ్యాడ్జీలు మెడలో వేసుకున్న మగవాళ్ళు నవ్వుకుంటూ ఇళ్ళకు పోతుంటే, వాళ్ళ నడకలు చూసేదాన్ని. అప్పటిదాకా నేను మనుషుల నడకను ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు అత్తమ్మ ఒక కార్ఖానాలో పడుగు పోగులు అతికే పని చేసేది. సాంచా మీద పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, తెగిన ప్రతి పోగుకూ ముడి వేయాలి. సన్నటి ముడి, లాగినకొద్దీ బిగుస్తుందే తప్ప జారదు. కళ్ళు మసకబారాక ఆ పని మానేసి, ఇంట్లో కూర్చుని చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని తెచ్చుకుంది. నాకు ఆ ముడి నేర్పాలని చూసింది ఒకసారి. నేను వేసిన ప్రతి ముడీ లాగితే ఊడొచ్చేది. "డిగ్రీ సదివినవ్ గని నీ ముడి నిలవదాయె" అని నవ్వేది. మా ఆయన కూడా నవ్వేవాడు. నాకు ఆ రోజు కోపం వచ్చింది.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వస్తాను. ఎప్పటిలాగే అత్తమ్మ గుమ్మంలోనే నాకు అప్పజెప్పి ఇంటికి బయలుదేరి వెళ్ళింది.

నర్సు వచ్చి కిటికీలో చూసింది. మొహంలో ఏమీ మారలేదు కానీ చేతులు త్వరగా కదిలాయి. వేలితో నొక్కింది. సన్నటి సూదితో గుచ్చింది. ఎర్రగా రావలసిన చుక్క నల్లగా వచ్చి ఆగకుండా కారింది. రక్తం వస్తోంది, తిరిగి పోవడం లేదు అని నాకు హిందీలో చెప్పి, ఫోన్ చేసి డాక్టరు మేడమ్‌ను రమ్మంది. ఆ తర్వాత ఏది నొక్కుతోందో అని వెతకడం మొదలుపెట్టింది. గొట్టాలు చూసింది. దిండ్లు తీసింది. గౌను పైకి ఎత్తింది.

నల్లటి దారం. కడుపు కట్టుకు కింద, గజ్జ మీదుగా, వెనక్కి. ఉబ్బిన ఒంట్లోకి దిగిపోయి, అంచు తప్ప కనిపించడం లేదు. పైన గాజుగుడ్డ మడత పడి ఉండడం వల్ల గౌను ఎత్తితే తప్ప తెలియదు.

ఇది ఎవరు కట్టారని నర్సు నన్ను అడిగింది. ఆమె గోళ్ళతో ముడి విప్పబోయింది. అది విడలేదు. ఆ ముడి విడదని నాకు తెలుసు. కత్తెర మొన దూర్చడానికి కూడా చోటు లేదు. చర్మాన్ని వేలితో అణిచి పట్టుకుని కోసింది. తెగగానే దారం రెండు వైపులా వెనక్కి జరిగింది. చర్మం మీద దాని గాడి మాత్రం అలాగే ఉండిపోయింది.

మా ఆయనకు అప్పుడు మెలకువ వచ్చింది. నా మొహం చూసి ఏమైందన్నాడు.

"మొలతాడు ఎప్పుడు కట్టిండ్రు?" అన్నాను.

"అమ్మ తుడుస్తప్పుడు కట్టింది. వదులుగనే కట్టింది, రెండు వేళ్ళు పెట్టి చూసింది." మాట మత్తులో ముద్దగా వచ్చింది. "ఏమైంది, ఖరాబయ్యిందా?"

కోసిన దారం వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. సాంచా ఆగిపోతే ఎందుకు ఆగిందో చూడకుండానే చెప్పే మనిషి. నా మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మకు చెప్పకే."

డాక్టరు మేడమ్ వచ్చింది. అంచున రెండు కుట్లు విప్పితే నల్లటి రక్తం గడ్డలుగా జారింది. దారం నొక్కి ఉంచినంతసేపు లోపల గడ్డ కట్టి ఉండవచ్చని, తెరిచి చూడాలని, ఆలస్యం చేస్తే మొత్తం కండ పోతుందని చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. నర్సు కోసిన దారాన్ని చూపిస్తే, దాన్ని చూసి, నన్ను చూసి, ఇంట్లో పెద్దవాళ్ళా అని మాత్రం అడిగింది. తల ఊపాను. సంతకం చేయడానికి ఇంకెవరైనా ఉన్నారా అంది. లేరన్నాను.

థియేటర్ బయట హాల్లో కూర్చున్నాను. సూరత్ ఆస్పత్రుల్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే ఇల్లంతా తరలివస్తుంది. ఫ్లాస్కులు, పొడి కూరలు, చాపలు. నా పక్క వరుసలో ఒక గుజరాతీ కుటుంబం ముసలావిడ కంటి ఆపరేషన్ కోసం పదిమంది వచ్చి కూర్చుంది. వాళ్ళలో ఒకావిడ నాకు టీ పోసి ఇచ్చి, మీవాళ్ళు రాలేదా అని అడిగింది. దారిలో ఉన్నారన్నాను. ఆ మాట చెప్పాక ఆమె మధ్యమధ్యలో తలుపువైపు చూడడం మొదలుపెట్టింది, నాకోసం. వాళ్ళ ముసలావిడ బయటికి వచ్చి, అందరూ కలిసి వెళ్ళిపోయేటప్పుడు టీ ఇచ్చినావిడ నన్నూ తలుపునూ మరోసారి చూసి కదిలింది.

మా అమ్మకు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే అమ్మ, పిల్లలు ఎట్లున్నరు, చిన్నోనికి దగ్గు తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాను. అల్లుడు తింటున్నడా అంది. తింటున్నడన్నాను. మా ఊరి నుంచి ఆమె రావడానికి ఒక రోజు పైన పడుతుంది. చెప్పి ఆ రోజంతా ఆమెను కూడా ఇలా కూర్చోబెట్టడం ఎందుకని పెట్టేశాను. అత్తమ్మ ఇంటికి చేరి తనే ఫోన్ చేసింది. పిల్లలు తిన్నారని, పెద్దది చదువుకుంటోందని చెప్పింది. చిన్న పరీక్ష ఉంది, లోపలికి తీసుకెళ్ళారు అన్నాను. దేవుడున్నడు బిడ్డా అంది. నా నోట్లోకి వచ్చిన మాటను మింగడానికి గోడకేసి తిరగాల్సి వచ్చింది. ఆమె గొంతులో అంత నిశ్చింత ఉంది.

నర్సు ఆ దారాన్ని గాజుగుడ్డలో చుట్టి నాకిచ్చింది. ఎందుకిచ్చిందో తెలియదు, మావాళ్ళకు ఇది పారేసే వస్తువు కాదని ఎవరైనా చెప్పారేమో. విప్పి చూశాను. మామూలు మొలతాడు కూడా కాదు. చీరల పని కోసం ఇంట్లో ఉండే నల్ల పాలిస్టర్ దారం, మూడు పేటలు కలిపి తొడ మీద పేనింది. నూలు దారమైతే కాస్త సాగేది. ఇది సాగదు. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. నేను కూర్చున్నంతసేపూ దాన్ని విప్పడానికి ప్రయత్నించాను. గోళ్ళతో, జడపిన్నుతో, పళ్ళతో. ఆమె మీద నాకున్న కోపమంతా ఆ ముడి మీద పెట్టాను. నాడా వద్దని చెప్పాను కదా. చెప్పాను కదా. అదే మాట నా తలలో సాంచాలా ఆడుతూనే ఉంది. ఇప్పుడు పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తుంటే కూడా ఆ మాట ఒక్కోసారి వినిపిస్తుంది.

మేమిద్దరం ఇక ఒకే ఇంట్లో ఎలా ఉంటామో అనుకున్నాను. ఆయన కాలు పోతే, ఆమె పెట్టిన అన్నం ఎలా తింటాను. ఆయన చెప్పవద్దన్నాడు. చెప్పకపోతే ఆమె రేపు మళ్ళీ కడుతుంది. చెబితే ఆ ముసలి మనిషి ఇంకెప్పుడూ కొడుకు మీద చెయ్యి వేయదు. ఏది చేసినా దాన్ని నేనొక్కదాన్నే చేయాలి. ఆ హాల్లో నాకు భయం కంటే ఎక్కువగా తెలిసింది అదే. ఈ లోకంలో ఒక మాటను నాతో కలిసి మోసేవాళ్ళు ఒకరు కావాలి, ఆ ఒక్క మనిషి తలుపు అవతల మత్తులో ఉన్నాడు.

డాక్టరు మేడమ్ బయటికి వచ్చినప్పుడు టోపీ కింద నుదుటి మీద గీత పడి ఉంది. నాకు ఆ గాడి గుర్తొచ్చింది. తీసుకుపోయే నాళంలో చిన్న గడ్డ ఉంది, తీసేశాం అంది. రంగు తిరిగి వస్తోంది. కిందివైపు అంచు కొంచెం పోవచ్చు, మిగతాది నిలబడుతుందనే అనుకుంటున్నాను, రేపు సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను అంది. నేను నిలబడబోయాను. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. సమయానికి చూశావని ఆమె అన్నప్పుడు, నాకు సంతోషం కలగలేదు. ఇంకొంచెం ముందు బస్సు ఎక్కి ఉంటే అనిపించింది.

తర్వాత ఆ అంచున కొంచెం నల్లబడి రాలిపోయింది, మిగతాది నిలిచింది. కానీ అది ఆ రోజుకు నాకు తెలియదు.

ఐసీయూలో పక్కన ఉండనివ్వరు. తెల్లారగానే మొదటి బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. మా గల్లీలో సాంచాల చప్పుడు ఎప్పటిలాగే ఉంది. వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయి. అత్తమ్మ స్టవ్ దగ్గర ఉంది. ఆస్పత్రికి బయలుదేరడానికి చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. నన్ను చూసి ఆమె అడిగిన మొదటి మాట కొడుకు గురించి కాదు.

"లోపలికి తోల్కపోయినప్పుడు మొలతాడు మళ్ళ కోసిండ్రా ఏంది?"

చెప్పులు విడుస్తూ ఆగిపోయాను. ఆయన మాట ఒకవైపు, నా చేతిసంచిలోని దారం ఒకవైపు. పిల్లలు లోపలి గదిలో లేస్తున్న అలికిడి వినిపిస్తోంది.

"కోసిండ్రు అత్తమ్మా" అన్నాను. "ఆ దారం బిగుసుకునే రక్తం ఆడకుంట అయ్యింది. ఆపరేషన్ మళ్ళ చెయ్యాల్సి వచ్చింది."

చిన్నగా చెప్పానో పెద్దగా చెప్పానో నాకు తెలియదు. ఆమె స్టవ్ ఆపేసింది. గిన్నె దించి పక్కన పెట్టింది. ఆ తర్వాత నిలబడ్డచోటే కూలబడింది. ఆయనకెలా ఉందని అడగలేదు. అడగడానికి భయపడిందని ఇప్పుడు అనుకుంటాను. ఉన్నాడని, రంగు తిరిగి వస్తోందని, సాయంత్రం దాకా చూడాలని నేనే చెప్పాను.

"నాడ కట్టద్దన్నవ్. నాడ తీసేసిన" అంది. సంచిలోంచి ఆ నాడా తీసి నాకు చూపించబోయింది. "మొలతాడు గూడ కట్టుడే అనుకోలే బిడ్డా. అది ఎప్పటికి ఉండేదే గద. వాడు పుట్టినప్పటి సంది ఉన్నదే గద."

"డాక్టర్లే కోసిండ్రు గద. మళ్ళ ఎందుకు కట్టినవ్?"

ఆమె నా వైపు చూసింది. నేను ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు కాదు. నాకు ఇది చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోనట్టు.

"పెండ్లయిన మగోని మొలతాడు ఎప్పుడు తెంపుతరో నీకు తెల్వదా? పెండ్లాం పోయినప్పుడే తెంపుతరు. నువ్వు ఆడ ఈడ ఒక్కదానివే తిరుగుతున్నవ్, తింటలేవ్, పండుతలేవ్. వాని నడుము బోసిగ చూసినప్పుడల్లా నాకు నువ్వే యాదికొచ్చినవ్. నీకేమన్న అయితే ఈ పిల్లలను ఎవరు చూస్తరు, నేనెన్ని దినాలుంట?"

నేను అక్కడే, గడప మీద కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య దించిన గిన్నె ఉంది. ఇన్ని రోజులు బస్సుల్లో, హాళ్ళలో, వార్డు గుమ్మంలో నన్ను ఎవరూ చూడడం లేదనుకున్నాను. ఆమె చూస్తూనే ఉంది. చూసి, దారం పేని, ముడి వేసింది. కోపం పోయిందని చెప్పలేను. అది ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది. ఆమె ఏడ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా, మోకాళ్ళ మీద తల పెట్టుకుని. నేను లేచి వెళ్ళి ఆమెను పట్టుకోలేదు. చేయి చాచితే ఆమె పాదం అందింది. దాని మీద చేయి పెట్టి ఉంచాను.

పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు. పెద్దమ్మాయి బడి స్కర్టులో, జడ ఒకటి వేసి ఒకటి వేయకుండా. చిన్నోడు దాని వెనక. ఎంత విన్నారో తెలియదు. మా అమ్మాయి నన్ను కాక వాళ్ళ నానమ్మనే చూస్తోంది.

"మమ్మీ, పప్పాకు దాదీ ఏం చేసింది?" అని అడిగింది.

అత్తమ్మ తల ఎత్తలేదు. నా చేతి కింద ఆమె పాదం బిగుసుకుంది.

దగ్గరికి రమ్మన్నాను. ఇద్దరూ వచ్చి కూర్చున్నాక, అమ్మాయి విప్పిన జడను అల్లుతూ చెప్పాను.

"పప్పాకు కడుపు మీది కండను తుంటి మీదికి తిప్పి కుట్టిండ్రని చెప్పిన గద. దానికి అది కొత్త జాగ. నిన్న ఆడ బిగుసుకపోయి రక్తం ఆడలే. డాక్టర్లు మళ్ళ తెరిచి సరిజేసిండ్రు. నయమైందా అంటే ఇప్పుడే చెప్పలేం, సాయంత్రం దాక చూడాలె."

"దాదీ ఏం చేసింది?"

"దాదీ ఒక దారం కట్టింది. పప్పా కోసం కాదు, నా కోసం, నాకేం కావద్దని. ఒళ్ళు వాచి అది బిగుసుకుంది. పప్పా ఇంటికి వచ్చినంక దాదీనే మళ్ళ కడుతది, వదులుగ. పో, షూ ఏసుకోండి, రిక్షా వస్తది."